పిండి జింకలు

పెద్దిరాజు ఆ ఆర్డరు ఒప్పుకోకుండా విమానమెక్కి ఉంటే తన ఫిబ్రవరి నెల సుఖంగా గడిచిపోయేదని త్రిమూర్తులు కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. అరబ్బు ఎడారిలోని రువైస్‌లో తెలుగు వినేవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక? రొట్టెలు ఎక్కించుకునే వ్యాను డ్రైవరుకి చెప్పాడు. గ్యాసు సిలిండర్లు తెచ్చే పఠానుకి తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఎవరూ దొరకని పూట బేకరీ ఓవెన్ తలుపు తీసి, లోపలి వేడికి చెప్పాడు.

"ఇంటర్ పాసయ్యాడంట. ఇంగ్లీషొచ్చంట. అందుకని ఆడికి కౌంటరూ, కుర్చీ, ఏసీ గాలీ. పదకొండేళ్ళబట్టీ నేనిక్కడ కాలతన్నాను. కూర్చున్నోడు ఊఁ అనేసి పోతాడు, కాలేవోడు చెయ్యాలి. అరవై జింకలంట! నేనేవన్నా అడివి పెంచుతున్నానేటి?"

సంగతి ఇదీ. రిఫైనరీ క్వార్టర్సులో ఎలెని అని ఒక గ్రీకు టీచరుంది. బడిలో పిల్లలకి పాతకాలపు గ్రీసు దేశం గురించి పాఠాలు చెబుతోంది. వేల ఏళ్ళ కిందట అక్కడివాళ్ళు గుళ్ళలో తీపి కేకులు పెట్టేవారట. ఆ కేకులు పిల్లలకి చేసి చూపించాలని ఆవిడ ముచ్చట. గోధుమపిండి, తేనె, నువ్వులు కలిపి జింక ఆకారంలో అరవై. పనీరు లాంటి పచ్చి జున్నుతో గుండ్రంగా చేసి, చుట్టూ చిన్న కొవ్వొత్తులు గుచ్చేవి నాలుగు. పంచదార వద్దు, గుడ్డు వద్దు, సోడా అసలే వద్దు. పెద్దిరాజు అన్నింటికీ తలూపి, ఆవిడ ఇచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, చెల్లెలి పెళ్ళికని పాలకొల్లు వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ముందు త్రిమూర్తులు చాలాసేపు నిలబడ్డాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషు చదవలేడు కానీ రాయగలడు. పుట్టినరోజు కేకుల మీద క్రీముతో ఎంత పొడుగు మాటైనా వంకర లేకుండా దించేస్తాడు. ఆయనకి అక్షరాలంటే బొమ్మలు. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ వస్తుందో చేతికి తెలుసు, అర్థంతో పనిలేదు. కాగితం పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మొదటి మాటనీ అలాగే చూశాడు. ముందొక సున్నా, దాని పక్కన రెండు కొక్కేలు. బొమ్మ బాగానే ఉంది, భావం తెలియలేదు. పాలకొల్లుకి ఫోను చేశాడు.

"నైవేద్యం, బాబాయ్," అన్నాడు పెద్దిరాజు, వెనకాల సన్నాయి మోగుతుంటే. "గ్రీకోళ్ళ దేవుళ్ళకి నైవేద్యం. మన ప్రసాదం లాంటిదనుకో. ఉంటా, ఇక్కడ పెళ్ళికొడుకు వచ్చేత్తన్నాడు."

"నైవేద్యవంట!" అని త్రిమూర్తులు వంటగది అదిరేలా అరిచాడు. "ఇక్కడ మనకే గతిలేదు, గ్రీకు దేవుళ్ళకి నైవేద్యం వండాలంట!"

బల్ల అవతల పిండి జల్లిస్తున్న దయారాణి జల్లెడ కింద పెట్టింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆమె ఆ బేకరీకి వచ్చి పది రోజులైంది. మలికిపురం దగ్గరి మనిషి, నలభై నాలుగేళ్ళుంటాయి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు ఫేబా, కాకినాడలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. తొమ్మిదేళ్ళుగా దయారాణి ఇదే ఊళ్ళో ఒక ఇంజనీరు ఇంట్లో పనిచేసింది. ఆ ఇంజనీరే ఆమెకి కఫీలు, వీసా పూచీదారు. వాళ్ళిప్పుడు దేశం వదిలి వెళ్ళిపోతున్నారు. నెలాఖరులోగా ఇంకో వీసా దొరక్కపోతే ఆమె ఇంటికి పోవడమే. బేకరీ నడిపే ముదీర్ని బతిమాలితే, ఆయన ఫ్రిజ్ మీది కాగితం చూపించి, హిందీలో ఒకటే మాట చెప్పాడు. ఈ బడి ఆర్డరు బాగా వస్తే బడివాళ్ళు మనల్ని వదలరు, అప్పుడు నాకు ఇంకో మనిషి కావాలి, ఆ మనిషివి నువ్వే. రాకపోతే మాఫ్ కరో.

"మేస్త్రి గారూ," అంది దయారాణి. "ఈ పని నేను చెయ్యలేనండి."

"ఏం? చేతులు బాగానే ఉన్నాయిగా."

"చేతుల సంగతి కాదండి. విగ్రహాలకి పెట్టింది మేం ముట్టుకోవండి. పక్కింటోళ్ళు ప్రసాదం ఇత్తేనే, ఏమనుకోకండని చెప్పి తీసుకోం. అలాంటిది నా చేత్తో నేనే వండుతానా చెప్పండి?"

"ఎవడు పెట్టాడిప్పుడు? ఇంకా పిండే కలపలేదు."

"పెట్టడానికే కదండి కలిపేది."

"ముదీర్ అన్నమాట గుర్తుందా?"

"ఉందండి." ట్రేల దొంతర వైపు తిరిగింది. "రొట్టెలు చేత్తానండి. సమూను బన్నులు చేత్తాను. ట్రేలన్నీ తోమేత్తాను. ఇదొక్కటీ వద్దండి."

తోమడానికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం త్రిమూర్తులు ఒక్కడే పిండి కలిపాడు. తేనె పోసి పిసికితే ముద్ద వేళ్ళకి అంటుకుని వదల్లేదు. పొడిపిండి చల్లితే పగుళ్ళు వచ్చాయి. ఓవెన్‌లో పెట్టిన ఆరు జింకల్లో రెండిటికి కాళ్ళు విరిగాయి, మూడిటికి మెడలు వాలాయి, ఆరోది పరుచుకుపోయి ట్రేకి అతుక్కున్న చెప్పులా తయారైంది. పైగా తేనె కదా, లోపల ఉడికేలోపే పైన నల్లబడింది. కంపు పోయేదాకా వెనక తలుపు తీసిపెట్టాల్సి వచ్చింది.

ఆ తలుపులో కూర్చుని పెద్దిరాజుని తిట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ సాఫీగా సాగే తిట్లు ఆ రోజు మధ్యలో ఆగిపోయాయి. ఆ మాట ఫోనులో చెప్పింది పెద్దిరాజే. వంటగదంతా వినబడేలా అరిచింది మాత్రం తనే. నోరు మూసుకుని, గ్రీకు బిస్కెట్లు అని చెప్పి ఉంటే ఆ పిల్ల ఈపాటికి పిండి పిసుకుతూ ఉండేది. నలభై నాలుగేళ్ళ మనిషిని మనసులో పిల్ల అన్నందుకు తనమీద తనకే విసుగొచ్చింది. లేచి తలుపు వేశాడు.

భార్య పోయాక ఆయన ఊరికి వెళ్ళడం తగ్గించేశాడు. పనివాళ్ళ క్యాంపు గదిలో కూడా ఎవరితోనూ పొసగదు. నిష్ఠూరం తప్ప ఇంకో మాట రాదని వంట వంతుల్లోంచి సైతం తప్పించారు. ఈ పది రోజుల్లో దయారాణి మాత్రం రోజూ టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, "ఆయ్, ఇప్పుడు తిట్టండి, ఖాళీగా ఉన్నాను," అని వినేది. ఎనిమిదో రోజున ఆయన తిట్టడానికి ఎవరూ గుర్తురాక, టీ బాగుందని చెప్పాడు. ఇప్పుడా మనిషి నెలాఖరుకి విమానం ఎక్కుతుంది, అదీ తన నోటి మూలంగా.

సోమవారం పొద్దున్న రొట్టెల వాయిల పని ముగిశాక దయారాణి తన సంచీ బల్లమీద పెట్టి గిన్నె తీస్తుంటే ఒక చిన్న కవరు జారి పడింది. ఆదివారాలు ఆమె చర్చికి వెళ్తుంది, అక్కడివాళ్ళు ఇచ్చిందన్నమాట. త్రిమూర్తులు కవరు తీసి ఇవ్వబోతూ ఆగాడు. ముందొక సున్నా, పక్కన రెండు కొక్కేలు. కవరుని ఫ్రిజ్ దగ్గరికి పట్టుకెళ్ళి, కాగితం పక్కన పెట్టి, ఒక్కో అక్షరం కిందా వేలు జరుపుతూ చివరిదాకా వెళ్ళాడు. ఒక్క బొమ్మ తేడా లేదు. కవరు మీద ఆ మాట కిందనే తెలుగులో రాసి ఉంది. కానుక.

"దయమ్మా! కానుక! ఇది నైవేద్యం కాదే తల్లీ, కానుక! ఆడికి ఇంగ్లీషు రాదు, నాకు తెలుసు, ఆడికి రాదు! మీ చర్చి కవరు మీద ఏముందో ఈ కాగితం మీద కూడా అదే ఉంది. చూడు!"

దయారాణి వచ్చి చూసింది. చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి త్రిమూర్తులు గెలిచాననుకున్నాడు.

"మాట ఒకటేనండి," అంది ఆమె. "నాకు ఆ రోజే తెలుసు, ఇళ్ళల్లో పనిచేశాను కదండీ, ఆపాటి ఇంగ్లీషు వచ్చు. కవరు మీదేం రాసుందని కాదండి. ఆ కవరు ఎవరి చేతికెళ్తందని."

ఆయన చేతిలో కవరు అలాగే ఉండిపోయింది. మెల్లిగా అన్నాడు: "నీ కోసం వెతికానే అమ్మా."

"తెలుసండి," అంది దయారాణి. కవరు తీసుకుని సంచీలో పెట్టుకుంది. తరవాత ఆయన గ్లాసులో టీ పోసింది.

మంగళవారం మధ్యాహ్నం ఎలెని టీచరు నమూనా చూడటానికి వచ్చింది. పొట్టి మనిషి, చెమటకి ముఖం ఎర్రబడి ఉంది. నమూనా అంటే కాళ్ళు విరిగిన జింకలే. వాటిని చూసి ఆవిడ ఏదో అడిగింది. త్రిమూర్తులుకి అర్థం కాలేదు. కౌంటరులో ఉండాల్సిన ఇంగ్లీషు మనిషి పాలకొల్లులో ఉన్నాడు. దయారాణి చేతులు కడుక్కుని ముందుకొచ్చింది.

"నేనడుగుతాను, నువ్వు చెప్పు," అన్నాడు త్రిమూర్తులు. తనకి కావలసిందే అడిగాడు. "ఈ కేకులు ఏ గుళ్ళో పెడతారంట?"

దయారాణి ఆయన వంక ఒకసారి చూసి, ఇంగ్లీషులో అడిగింది. టీచరు నవ్వుతూ చెప్పింది.

"గుడి లేదంటండి. వాళ్ళ ఊళ్ళో కూడా రాళ్ళే మిగిలాయంట. ఇవి పిల్లలు ఆడుకునే చోట చాప పరిచి, పాఠం చెప్పి, తినేత్తారంట."

"మరి జింకలెందుకంట? గుండ్రంగా చేసుకుంటే సరిపోద్ది కదా. నా ప్రాణం తియ్యడానికి కాకపోతే."

దయారాణి ఆ చివరి మాట వదిలేసి అడిగింది. ఈసారి టీచరు చాలాసేపు చెప్పింది, చేతులతో కొమ్ములు చూపించింది, ఏదో ఎత్తుకుని నడుస్తున్నట్టు చూపించింది. దయారాణి వింటూ వింటూ తెలుగు చెప్పడం మర్చిపోయింది.

"ఏవందమ్మా?"

"వేట దేవత ఒకావిడ ఉండేదంటండి. వేటాడినోళ్ళు నిజం జింకని తెచ్చి ఇచ్చేవోరంట. లేనోళ్ళు..." ఆగింది. "లేనోళ్ళు పిండితో జింకని చేసి పట్టుకెళ్ళేవోరంటండి. తేనె ముద్దలో నువ్వులు కలిపి. అవి ఇవంటండి."

టీచరు గురువారం పొద్దున్నకల్లా కావాలని చెప్పి వెళ్ళిపోయింది. దయారాణి పిండి బస్తా మీద కూర్చుంది.

"మా చర్చిలో కోతల పండగని చేసేవోరండి," అంది. "కోళ్ళు తెచ్చేవోరు, గుమ్మడికాయలు తెచ్చేవోరు, కొబ్బరిగెలలు తెచ్చేవోరు. అన్నీ వేలం ఏసేవోరు, సరదాగా ఉండేది. మా అమ్మ కూలికెళ్ళేది. అన్నం వండేటప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి విడిగా గుడ్డలో కట్టేది. పండగనాటికి ఆ మూట అయ్యేది. తొంభై ఆరులో తుపానొచ్చింది కదండి? ఆ యేడు పొయ్యే లేదు, గుప్పెడెక్కడిది? వద్దే అమ్మా, ఈ యేడు వెళ్ళొద్దంటే వినలేదండి. అందరితోపాటూ లేచి వెళ్ళి, కానుకల పళ్ళెంలో ఖాళీ చెయ్యి పెట్టి తీసింది. చప్పుడు లేకుండా. ఏదో పెట్టినట్టే. వెనకాల నేను చూశానండి. పదిహేడేళ్ళున్నాయి నాకు. సిగ్గుతో చచ్చిపోయాను."

ముక్కు తుడుచుకుంది.

"ఇలా చెయ్యొచ్చని అమ్మకి తెలిసుంటే, పిండితో చిన్న కోడినైనా చేసుకునేదేమోనండి."

"పిండి మాత్రం ఎక్కడిదీ," అన్నాడు త్రిమూర్తులు. ఆయన కటువుగా అనాలని అనలేదు. నిజమే అన్నాడు. ఆమె కూడా తల ఊపింది.

లేచి చేతులు కడుక్కుంది. "మేస్త్రి గారూ, ఆ దేవతకి నేను చెయ్యనండి. అది మాత్రం ఇప్పుడూ చెయ్యను. ఆ పిండి జింకని ఎత్తుకుని నడిచెళ్ళినోళ్ళు ఉన్నారు చూడండి, వాళ్ళని తలుచుకుని చేత్తాను. తినేది పిల్లలు. మిగతాది నా ప్రభువుకి నేను చెప్పుకుంటాను."

చెప్పుకోవడం అప్పుడే మొదలుపెట్టింది. కొంగు లేదు కనక ఆప్రాన్ అంచు తలమీదికి లాక్కుని, పిండి గిన్నె ముందు కళ్ళు మూసుకుంది. త్రిమూర్తులుకి ఎటు చూడాలో తోచలేదు. తలమీది తెల్ల టోపీ తీసి చేత్తో పట్టుకుని, మిక్సరు ఆపు చేసి, ఆమె ఆమెన్ అనేదాకా నిలబడ్డాడు.

"తేనె పచ్చిగా పోశారా?" అంది కళ్ళు తెరుస్తూనే.

"మరి?"

"అయ్యో రామ..." అనబోయి నాలిక కరుచుకుంది. ఇద్దరూ నవ్వారు. "అరిసెలకి పచ్చిబెల్లం కలుపుతారటండీ ఎవరన్నా? కాచాలి. కాచి, వేడిమీద పిండిలో పోసి, తడిగుడ్డ కప్పి పడుకోబెట్టాలి. అప్పుడు పగలదు. మీరు కోనసీమలో పుట్టారా, ఇంకెక్కడైనా పుట్టారా?"

"మా ఇంట్లో నేను తినేవోణ్ణి, వండేవోణ్ణి కాదు."

"అందుకే జింకలు చెప్పులయ్యాయి."

బుధవారం రెండింటికల్లా రొట్టెల పని ముగించి ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడ్డారు. తేనె కాచి పోసిన ముద్ద రాత్రంతా నాని, చలిమిడిలా మెత్తగా సాగింది. దయారాణి వేళ్ళు ముద్దని నొక్కితే మెడ వచ్చేది, గిల్లితే చెవి వచ్చేది. కళ్ళకి రెండు నల్ల నువ్వులు. నిలబెట్టకుండా, పడుకున్నట్టు కాళ్ళు కిందికి మడిచింది, విరగడానికి ఏమీ లేకుండా. త్రిమూర్తులు మంట తగ్గించి, కింది అరలో పెట్టి, పైన ఇంకో ట్రే కప్పాడు. ఓవెన్ సంగతి ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఇదేంటండి, మీరు చేసింది?"

"జింకే."

"తోక చూడండి. వీధికుక్కండి ఇది."

"పరిగెడితే జింకలాగే ఉంటది."

"ఫోటో తీసి ఫేబాకి పెడతాను. మా మేస్త్రి గారి జింక అని."

"పెట్టు. కుక్క అని మాత్రం రాయకు."

లెక్కకి జింకలే అరవై నాలుగు వచ్చాయి. బంగారు రంగు తిరిగి, నువ్వులు అంటుకుని, ట్రేలమీద గుంపుగా పడుకుని ఉన్నాయి. గురువారం పొద్దున్న కొవ్వొత్తుల కేకులతో సహా వ్యానులో వెళ్ళాయి. వాటి వెంట ముదీర్ తనే వెళ్ళాడు. ఆయన తిరిగి వచ్చేదాకా దయారాణి ఒకే ట్రేని మూడుసార్లు తోమింది. త్రిమూర్తులు చూసి కూడా చూడనట్టు, ఎవరూ అడగని పుట్టినరోజు కేకు మీద క్రీము పూలు వేస్తూ కూర్చున్నాడు.

పదకొండున్నరకి ముదీర్ వచ్చాడు. చేతిలో సగం కొరికిన జింక ఉంది. ఒక పిల్లాడు తన జింకని తినను, ఇంట్లో పెంచుకుంటానని ఏడ్చాడట. టీచరు వచ్చే నెల ఇంకో వంద కావాలందట.

"ఖలాస్," అన్నాడు నములుతూ. "దయా, కల్ పాస్‌పోర్ట్ లేకే ఆనా. వీసా లగాయేంగే. త్రిమూర్తి, యే తుమ్హారా ఆద్మీ హై అబ్, సంభాలో." రేపు పాస్‌పోర్టు తెస్తే వీసా కొట్టిస్తానని ఆమెకీ, ఇక ఆమె నీ మనిషేనని ఈయనకీ చెప్పేసి ఏసీ గదిలోకి వెళ్ళిపోయాడు.

దయారాణి ఫోను తీసి కాకినాడకి చెయ్యబోయి, అక్కడ క్లాసు టైమని గుర్తొచ్చి మళ్ళీ పెట్టేసింది. ఏదో ఒక పని కావాలన్నట్టు ఫ్రిజ్ తెరిచింది. తడిగుడ్డ కింద గుప్పెడు ముద్ద మిగిలి ఉంది. దాన్ని రెండుగా చీల్చి ఒక సగం త్రిమూర్తులు ముందు పెట్టింది.

"ఏంటిది?"

"మీకు లేనిదేదో చేసుకోండి. నేను అమ్మకి కోడిని చేత్తాను."

"నాకు లేనివి చెయ్యాలంటే ఈ బస్తా చాలదు."

"ఒకటి చెయ్యండి చాలు."

ఆయన గొణుక్కుంటూ కర్ర తీసుకుని ముద్దని ఒత్తాడు. ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా వచ్చేలా ఒత్తి, అంచులు చాకుతో కోశాడు. సన్నటి కొసన ఒక వంకర పెట్టాడు. చాకు మొనతో పైన వరసలు గీశాడు. ఆ గీసే తీరు కేకు మీద అక్షరాలు దించేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఉండదు.

"చేపాండి?"

"పొలం." చూపు తిప్పలేదు. "ఏటి లంకలో ఉండేది. ఇదిగో ఇటు గోదారి. ఇవి కొబ్బరిచెట్లు. రెండువేల ఇరవై రెండులో వచ్చిన వరదలకి కోత పడింది. నేనిక్కడే ఉన్నాను. పక్క పొలం వోడు ఫోనులో వీడియో తీసి పెట్టాడు. ఒక్కో చెట్టూ అలా నీళ్ళలోకి కూర్చునేది. మూడు రోజులు పట్టింది. వెళ్ళినప్పుడల్లా గోదారమ్మకి పసుపూ కుంకం, రవికెల గుడ్డా పెట్టి వచ్చేవోణ్ణి. ఏనాడూ తప్పలేదు. ఇంకెవర్ని అడుగుతాం?"

దయారాణి తన కోడిని పక్కన పెట్టి, వేలితో ఆ పిండి అంచుని మెల్లిగా తడిమింది, గోదారి వైపు అంచుని. కొద్దిగా నెర్రె విచ్చిన చోట తడివేలితో అద్దింది.

"ఎంతండీ మొత్తం?"

క్యాంపులో మూడెకరాలని చెప్పుకున్నాడు. వ్యాను డ్రైవరుకి ఇంకాస్త ఎక్కువే చెప్పాడు. వచ్చిపోయేవాళ్ళకి ఎంతైనా చెప్పొచ్చు. రేపూ, ఎల్లుండీ, వచ్చే నెలా ఈ బల్లకి అటుపక్క ఉండబోయే మనిషికి అలా చెప్పడం కుదరదు.

"డెబ్భై ఎనిమిది సెంట్లన్నర," అన్నాడు.